హరి సెల్డన్ జీవిత కథను మన ఊరి సాహిత్య సమావేశంలో ఎలా చెప్పాలి

బరంపురంలో గానీ, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్లలో గానీ తెలుగువాళ్లు పదిమంది అప్పుడప్పుడు ఒకచోట కూడి పుస్తకాల గురించి మాట్లాడుకునే అలవాటు మీకు ఉంటే, ఈసారి ఒక సైన్స్ ఫిక్షన్ శాస్త్రవేత్త జీవితాన్ని గంటసేపు చెప్పే బాధ్యత మీరు తీసుకోండి. ఎవరి జీవితం అని అడిగితే నేను తడుముకోకుండా ఐజాక్ అసిమోవ్ ఫౌండేషన్ నవలల్లోని గణితవేత్త హరి సెల్డన్ పేరే చెబుతాను. కల్పిత శాస్త్రవేత్తలు చాలామంది ఒక యంత్రం కనిపెట్టి, ఒక ప్రమాదం తెచ్చిపెట్టి, కథ ముగియగానే మాయమైపోతారు. సెల్డన్ అలాంటివాడు కాదు. ముప్పై రెండేళ్ల వయసు నుంచి ఎనభై ఒకటో ఏట చనిపోయేదాకా ఆయన చదువు, ఉద్యోగం, పెళ్లి, పెంపుడు కొడుకు, మనవరాలు, డబ్బు ఇబ్బందులు, కోర్టు విచారణ అన్నీ సంవత్సరాలతో సహా మనకు దొరుకుతాయి.

అయితే ఆ జీవితం వరుసగా దొరకదు. రచయిత ముందు ఆయన పేరుప్రతిష్ఠలను, ఆయన మరణానంతర ప్రభావాన్ని రాశాడు. యౌవనాన్నీ మధ్యవయసునూ దాదాపు నలభై ఏళ్ల తర్వాత రాశాడు. అందువల్ల ఏ సంగతి చెప్పినా దాని పక్కనే అది ఎవరు చెప్పిన మాటో కూడా చెప్పగలగాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే ఉపన్యాసం నిలబడుతుంది. పాటించకపోతే సెల్డన్ కాస్తా గడ్డం లేని ఋషిగా మారిపోతాడు, పుస్తకాలు చదివినవాళ్లు వెంటనే పట్టుకుంటారు.

చదవవలసిన వరుస

ఫౌండేషన్ కథలు 1942 మే నెలలో అస్టౌండింగ్ అనే అమెరికా పత్రికలో మొదలయ్యాయి. అవి ఫౌండేషన్, ఫౌండేషన్ అండ్ ఎంపైర్, సెకండ్ ఫౌండేషన్ అనే మూడు పుస్తకాలుగా 1951, 1952, 1953లలో వచ్చాయి. ఆ తర్వాత చాలాకాలం రచయిత ఆ ప్రపంచం జోలికి వెళ్లలేదు. 1982లో ఫౌండేషన్స్ ఎడ్జ్, 1986లో ఫౌండేషన్ అండ్ ఎర్త్ వచ్చాయి. సెల్డన్ ట్రాంటర్ గ్రహానికి వచ్చిన తొలి రోజుల కథ అయిన ప్రిల్యూడ్ టు ఫౌండేషన్ 1988లో వెలువడింది. చివరిదైన ఫార్వర్డ్ ది ఫౌండేషన్ 1993లో, అంటే అసిమోవ్ 1992 ఏప్రిల్ 6న మరణించిన తర్వాత వచ్చింది.

ఉపన్యాసం ఇచ్చే మీరు వీటిని రచయిత రాసిన వరుసలోనే చదవండి. సెల్డన్ పుట్టుక నుంచి మొదలుపెట్టాలనే ఆత్రంతో 1988 నాటి పుస్తకం ముందు తెరిస్తే, 1951 పుస్తకంలో ఆయన మీద ఉన్న మిస్టరీ అంతా మీకు అందకుండా పోతుంది. ఆ మిస్టరీ రుచి తెలియనివాళ్లు దాన్ని శ్రోతలకు అందించలేరు. చదవడం పూర్తయ్యాక సంగతులను జీవిత క్రమంలో పేర్చుకోవడం రెండో పని.

ఏడు పుస్తకాలూ చదివే తీరిక లేనివాళ్లు ఫౌండేషన్ మొదటి పుస్తకాన్నీ, 1988, 1993 నాటి రెండు పుస్తకాలనూ పూర్తిగా చదివి, ఫౌండేషన్ అండ్ ఎంపైర్‌లో కాలగది (సెల్డన్ ముందే రికార్డు చేసిన రూపం కనిపించే గది) తెరుచుకునే దృశ్యం వరకు చూసుకుంటే సెల్డన్ జీవితానికి సరిపోతుంది. ఇంగ్లీషు నవల గబగబా చదవలేకపోతే సిగ్గుపడవలసిన పని లేదు. మన బృందంలో ముగ్గురు నలుగురు కలిసి తలా ఒక పుస్తకం తీసుకుని, సెల్డన్‌కు సంబంధించిన సంగతులు మాత్రం ఒక నోటుబుక్కులో ఎక్కించుకుంటే సరి. అలా పంచుకున్నప్పుడు ఒక కట్టుబాటు తప్పనిసరి: ఎక్కించిన ప్రతి సంగతి పక్కనా పుస్తకం పేరు, అధ్యాయం ఉండాలి. అది లేని సంగతిని సభలో చెప్పకండి.

సాక్షులను విడదీయడం

సెల్డన్ గురించి మనకు చెప్పే గొంతులు మూడు ఉన్నాయి. వాటిని మూడు రంగుల పెన్నులతో రాసుకోవడం మంచిది.

మొదటిది ఎన్‌సైక్లోపీడియా గెలాక్టికా. నవలల్లో అధ్యాయాల తలకట్టున దీని నుంచి చిన్నచిన్న భాగాలు వస్తుంటాయి. సెల్డన్ గెలాక్టిక్ శకం 11,988లో ఆర్క్‌టురస్ సెక్టారులోని హెలికాన్ గ్రహంలో మధ్యతరగతి దంపతులకు పుట్టాడనీ, తండ్రి మట్టి లేని తోటల్లో పొగాకు పండించేవాడనీ చెప్పేది ఇదే. అయితే పొగాకు మాట నమ్మదగిందో కాదో అని కూడా అదే చెబుతుంది. ఈ ఎన్‌సైక్లోపీడియా నూట పదహారవ ముద్రణ అనీ, ఫౌండేషన్ శకం 1020లో టెర్మినస్ గ్రహంలో అచ్చయిందనీ పుస్తకంలోనే ఉంది. అంటే సెల్డన్ పోయిన వెయ్యేళ్లు దాటిన తర్వాత, ఆయన స్థాపించిన ఫౌండేషన్ అనే సంస్థ ఉన్న చోటనే రాసిన మాటలు అవి. ఆయనను గొప్ప చేయడానికి వాళ్లకు కారణం ఉంది.

దీనిలో నాకు ఎంతో ఇష్టమైన ఒక సంగతి ఉంది, దాన్ని మీరు తప్పక చెప్పండి. మొదటి క్లియాన్ చక్రవర్తి కూడా 11,988లోనే పుట్టాడు. సెల్డన్ పుట్టిన సంవత్సరం మీద కొందరికి అనుమానం ఉందనీ, చక్రవర్తితో సమానంగా ఉండేలా దాన్ని సవరించి ఉండవచ్చనీ ఆ ఎన్‌సైక్లోపీడియాయే ఒప్పుకుంటుంది. మహానుభావుల జాతకాలు తర్వాతివాళ్ల చేతుల్లో ఎలా సర్దుబాటు అవుతాయో మన శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు. కల్పిత పాత్రకు కూడా ఇంత శ్రద్ధగా అనుమానాస్పదమైన జన్మ సంవత్సరం ఇచ్చిన రచయిత చూపు ఎంత సూక్ష్మమో అక్కడ తెలుస్తుంది.

రెండో సాక్షి నవలలోని దృశ్యాలు. సెల్డన్ చలికి వణికినప్పుడు, భార్య మీద బెంగపడినప్పుడు మనం పక్కనే ఉంటాం. వీటిని ఎన్‌సైక్లోపీడియా కంటే ఎక్కువ నమ్మవచ్చు. మూడోది సెల్డన్ స్వయంగా ముందే రికార్డు చేసి పెట్టిన ప్రసంగాలు. టెర్మినస్‌లోని ఒక గదిలో, ఆయన పోయిన తర్వాత లెక్క కట్టిన రోజుల్లో, చక్రాల కుర్చీలో కూర్చున్న ఆయన రూపం కనిపించి మాట్లాడుతుంది. ఈ మూడో గొంతు నిజాయితీగల మనిషిదే అయినా, వినేవాళ్ల చేత ఒక పని చేయించడానికి మాట్లాడే గొంతు అది. అందువల్ల అది చెప్పనిది కూడా గమనించాలి.

ఈ మూడూ కాక నాలుగోది ఒకటి ఉండాలి గానీ మనకు దొరకదు. సెల్డన్ జీవితానికి అత్యుత్తమ ఆధారం గాల్ డోర్నిక్ రాసిన జీవిత చరిత్ర అని ఎన్‌సైక్లోపీడియా చెబుతుంది. సిన్నాక్స్ గ్రహం నుంచి వచ్చిన ఆ కుర్రవాడు సెల్డన్‌ను కలిసింది ఆయన మరణానికి రెండేళ్ల ముందు. ఆ పుస్తకం ఏ నవలలోనూ మన చేతికి రాదు.

గోడ మీది చార్టు

సభకు ముందు ఒక పెద్ద చార్టు కాగితం కొని, నాలుగు నిలువు గళ్లు గీయండి: సంవత్సరం, వయసు, సంగతి, సాక్షి. అక్షరాలు గది వెనక బెంచీ దాకా కనబడేంత పెద్దవిగా ఉండాలి. అందులో ఎక్కవలసిన ప్రధాన సంవత్సరాలు ఇవి.

11,988: హెలికాన్ గ్రహంలో పుట్టుక. సాక్షి ఎన్‌సైక్లోపీడియా, అనుమానంతో.
12,020: ముప్పై రెండేళ్లు. గణితవేత్తల మహాసభ కోసం రాజధాని ట్రాంటర్‌కు రాక. చక్రవర్తి పిలుపు, పరారీ.
12,028: నలభై ఏళ్లు. అప్పటిదాకా ఆ పదవిలో ఉన్న డెమెర్జెల్ తప్పుకున్న తర్వాత సామ్రాజ్యానికి ప్రధానమంత్రి.
12,038: యాభై. చక్రవర్తి హత్య, పదవి నుంచి నిష్క్రమణ.
12,048: అరవై. భార్య డోర్స్ మరణం.
12,058: డెబ్భై. నిధుల కొరత, కొడుకు రేచ్ మరణం, మనవరాలు వాండా శక్తి బయటపడడం.
12,067: డెబ్భై తొమ్మిది. గాల్ డోర్నిక్ రాక, విచారణ.
12,069: ఎనభై ఒకటి. స్ట్రీలింగ్ విశ్వవిద్యాలయంలో తన బల్ల దగ్గరే మరణం. ఇదే ఫౌండేషన్ శకం 1.

ఒక చిక్కు మీకు ఇక్కడ ఎదురవుతుంది. ఎన్‌సైక్లోపీడియా రెండు శకాలలోనూ సంవత్సరాలు ఇస్తుంది: గెలాక్టిక్ శకంలో 11,988 నుంచి 12,069 వరకు, ఫౌండేషన్ శకంలో మైనస్ 79 నుంచి 1 వరకు. మొదటి లెక్కలో 81 ఏళ్లు వస్తాయి. రెండో లెక్కలో సున్నా సంవత్సరం ఉందనుకుంటే 80, లేదనుకుంటే 79. గణితవేత్త జీవితం కనుక సభలో ఎవరో ఒకరు తప్పకుండా తీసివేత చేసి చూస్తారు. దాటవేయకండి. బతికిన కాలానికి గెలాక్టిక్ శకం, మరణం తర్వాతి కాలానికి ఫౌండేషన్ శకం వాడుతున్నామని ముందే చెప్పి, ఆ తేడాను కూడా చార్టు అడుగున రాసిపెట్టండి. పిల్లలు ఉన్న సభ అయితే ఆ తీసివేతను వాళ్లచేతనే చేయించవచ్చు.

సైకోహిస్టరీని అర్థమయ్యేలా చెప్పడం

సెల్డన్ జీవితం తెలియాలంటే ఆయన కనిపెట్టిన సైకోహిస్టరీ, అంటే జనసమూహాల భవిష్యత్తును లెక్కకట్టే శాస్త్రం తెలియాలి. ఇక్కడే చాలా ఉపన్యాసాలు గాడి తప్పుతాయి. భవిష్యత్తు అనగానే మన సభలో ఎవరో ఒక పెద్దాయన బ్రహ్మంగారి కాలజ్ఞానం తలుచుకుంటారు. ఆ మాట రావడం సహజమే, దాన్ని గౌరవంగానే స్వీకరించి, తేడా స్పష్టంగా చెప్పండి. కాలజ్ఞానం జరగబోయేది ఇది అని పలుకుతుంది. సెల్డన్ మాత్రం ఇది జరిగే అవకాశం నూటికి ఇంత అని లెక్క కట్టి, అందులో ఏ భాగాన్ని మార్చవచ్చో చూస్తాడు. గెలాక్సీ అంతటా పరచుకున్న సామ్రాజ్యం కూలడం ఆపలేమని ఆయన లెక్క తేల్చింది. కూలిన తర్వాత రాబోయే ముప్పై వేల ఏళ్ల అరాచకాన్ని వెయ్యేళ్లకు కుదించవచ్చని కూడా అదే లెక్క తేల్చింది. ఆయన జీవితమంతా ఆ రెండో వాక్యం కోసం చేసిన చాకిరీ.

లెక్క ఎలా సాధ్యమో చెప్పడానికి రచయిత వాయువుల సిద్ధాంతాన్ని ఆసరా చేసుకున్నాడు. అసిమోవ్ రసాయన శాస్త్రం చదివి, బోస్టన్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జీవరసాయనం బోధించినవాడు. డబ్బాలో ఉన్న వాయువులోని ఒక అణువు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు, మొత్తం వాయువు పీడనం ఎంత ఉంటుందో కచ్చితంగా చెప్పవచ్చు. మనుషుల సంఖ్య చాలా పెద్దదైతే వాళ్లకూ అలాంటి నియమాలు ఉంటాయన్నది ఊహ.

బరంపురం శ్రోతలకు దీన్ని బుడి ఠాకురాణి యాత్రతో చెప్పండి, వెంటనే పట్టుకుంటారు. రెండేళ్లకొకసారి జరిగే ఆ యాత్రలో ఫలానా ఇంటి ఆడపిల్ల ఏ రోజు ఏ సందులోంచి వస్తుందో ఎవరూ చెప్పలేరు. కానీ ఏ వేళకు ఏ కూడలిలో జనం కిక్కిరిసిపోతారో అక్కడ ఏళ్ల తరబడి కొట్టు నడిపే మనిషి చెప్పగలడు, సరుకు ఆ లెక్కనే తెచ్చుకుంటాడు. అదే మాట మైకులో ముందుగా చాటితే ఏమవుతుంది? సగం మంది దారి మార్చుకుంటారు, లెక్క తప్పుతుంది. సైకోహిస్టరీకి ఉన్న రెండు మూల నియమాలూ ఇవే: జనసంఖ్య చాలా పెద్దదై ఉండాలి, తమ గురించి వేసిన లెక్క ఆ జనానికి తెలియకూడదు. సెల్డన్ జీవితంలో ఇంత గోప్యత ఎందుకు ఉందో, టెర్మినస్‌కు పంపినవాళ్లకు కూడా ఆయన నిజం ఎందుకు చెప్పలేదో ఈ రెండో నియమం వల్లనే అర్థమవుతుంది. కాబట్టి దీన్ని చెప్పకుండా జీవితంలోకి దిగవద్దు.

ఏ ఘట్టాలు విడమరచాలి, ఏవి దాటేయాలి

బాల్యం గురించి రెండు వాక్యాలు చాలు, మన దగ్గర ఉన్నదే అంత. 12,020 నుంచి మాత్రం నెమ్మదిగా నడవండి. మహాసభలో సెల్డన్ చదివిన పత్రం చెప్పినది, సమాజ భవిష్యత్తును లెక్కించడం సిద్ధాంతరీత్యా సాధ్యమని మాత్రమే. ఆచరణలో అది సాధ్యం కాదనే ఆయన నమ్మకం. చక్రవర్తి క్లియాన్‌కు ఆ తేడా అక్కరలేదు. జనాన్ని అదుపులో పెట్టడానికి ఒక జోస్యం కావాలి, దాన్ని ఒక గణితవేత్త నోట పలికించాలి. సెల్డన్ ఒప్పుకోడు, అక్కడి నుంచి పరుగు మొదలవుతుంది. అధికారం శాస్త్రవేత్తను అడిగేది నిజాన్ని కాదు, ఉపయోగపడే మాటను అని చెప్పడానికి ఇంతకంటే మంచి ఘట్టం నాకు తెలియదు.

ఆ పరుగులో ఆయన ట్రాంటర్‌లోని వేరువేరు సెక్టార్లలో తలదాచుకుంటాడు. స్ట్రీలింగ్ విశ్వవిద్యాలయం దగ్గర గ్రహాన్ని కప్పి ఉంచిన గుమ్మటాల పైకి వాతావరణ పరిశీలకులతో ఎక్కి, అక్కడే ఉండిపోయి చలికి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. వెంట్రుక కనబడడమే తప్పుగా భావించే మైకోజెన్‌లో తల మీద తొడుగుతో తిరుగుతాడు. డాల్‌లో, నేల లోపలి వేడిని పైకి తెచ్చే బావుల దగ్గర పనిచేసే కూలీల మధ్య ఉంటాడు. ఆ పని చేసేవాళ్లను తక్కిన ట్రాంటర్ చిన్నచూపు చూస్తుంది, వాళ్ల యాసను వెక్కిరిస్తుంది. రాయగడ వైపు సభ అయితే ఈ భాగం మీద ఎక్కువ సేపు ఉండండి, తేరుబలి ఫర్నేసుల దగ్గర షిఫ్టు చేసి వచ్చినవాళ్లకు ఆ వేడిని మీరు వర్ణించనక్కరలేదు. యాస సంగతి మనందరికీ తెలిసిందే. విశాఖపట్నంలో మన తెలుగు విని నవ్వినవాళ్లు ఉన్నారు, ఇక్కడ మన ఒడియా విని నవ్వినవాళ్లూ ఉన్నారు.

డాల్ ముఖ్యం కావడానికి ఇంకో కారణం ఉంది. సెల్డన్‌కు ఆజన్మాంతం కుడిచేయిగా నిలిచిన యూగో అమరిల్ అక్కడి వేడిబావుల కూలీ, సొంతంగా గణితం నేర్చుకున్నవాడు. సెల్డన్ పెంచుకున్న కొడుకు రేచ్ అక్కడి మురికివాడలో తిరిగే పన్నెండేళ్ల పిల్లవాడు. ఆయన శాస్త్రానికీ కుటుంబానికీ పునాది పడింది సామ్రాజ్యం చీదరించుకున్న చోటే.

ఈ ప్రయాణం చివర ఆయనకు తట్టిన ఆలోచనను జాగ్రత్తగా చెప్పండి, జీవితం మొత్తంలో శాస్త్రపరమైన మలుపు అదే. రెండున్నర కోట్ల గ్రహాలున్న సామ్రాజ్యాన్ని లెక్కించడం అసాధ్యమని ఆయన నిరాశపడి ఉన్నాడు. ఎనిమిది వందల సెక్టార్లు, ఒక్కొక్క దానికి ఒక్కొక్క ఆచారం, ఒక్కొక్క తిండి, ఒక్కొక్క పగ ఉన్న ట్రాంటర్ ఒక్కటే సామ్రాజ్యానికి చాలినంత నమూనా అని అప్పుడు గ్రహిస్తాడు. పారిపోతూ తిరిగిన దారే పరిశోధనగా మారింది.

ప్రధానమంత్రిగా ఆయన చేసిన పదేళ్ల పాలనను రెండు నిమిషాల్లో దాటేయండి. కానీ దాని ముగింపు దగ్గర ఆగాలి. రాజభవనంలో మాండెల్ గ్రూబర్ అనే తోటమాలి ఉన్నాడు. మట్టిలో, ఎండలో, మొక్కల మధ్య పని చేయడమే అతనికి సుఖం. చక్రవర్తి అతని మీద ఇష్టంతోనే అతన్ని ప్రధాన తోటమాలిని చేయదలచాడు, అంటే ఇక గదిలో కూర్చుని కాగితాలు చూసుకోవాలి. వద్దని గ్రూబర్ సెల్డన్ దగ్గర మొరపెట్టుకుంటాడు. మరోవైపు సెల్డన్‌ను చంపడానికి ఒక పెద్ద కుట్ర నడుస్తూ ఉంటుంది. అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి, అది భగ్నమవుతుంది. ఆ గందరగోళంలోనే ఆ తోటమాలి చక్రవర్తిని చంపేస్తాడు. కోట్ల మందిని లెక్కించగల మనిషి పక్కన ఉండగా, సామ్రాజ్యాన్ని తలకిందులు చేసింది లెక్కకు అందని ఒక్కడి బాధ. ఈ ఘట్టానికి పది నిమిషాలు కేటాయించినా ఎక్కువ కాదు. తర్వాత, సెల్డన్ లెక్కకు అందని మ్యూల్ అనే వ్యక్తి గురించి చెప్పేటప్పుడు శ్రోతలు దీన్ని వాళ్లంతట వాళ్లే గుర్తు చేసుకుంటారు.

డోర్స్ వెనబిలి గురించి చెప్పేముందు, కథ చదవదలచుకున్నవాళ్లకు రహస్యం తెలిసిపోతుందని సభను హెచ్చరించండి. ఆమె చరిత్రకారిణి, సెల్డన్ భార్య, ఆయనకు కాపలా. మనిషి కాదు, రోబోట్. ప్రధానమంత్రి డెమెర్జెల్ కూడా అంతే. ఈ నిజం దాచి ఆమె మరణం గురించి చెబితే అర్థం ఉండదు. సెల్డన్ అరవయ్యో పుట్టినరోజు సంబరాల వెనక జరిగే కుట్రను ఆమె ఒంటరిగా ఛేదిస్తుంది. ఆయన సంస్థలోనే పనిచేసే ఒక గణితవేత్త ప్రయోగించిన సాధనం ఆమెను లోపలి నుంచి దెబ్బతీస్తుంది. ఆమె ఆయన చేతుల్లోనే పోతుంది. ఆమె ఎవరో అప్పటికే గ్రహించిన భర్త, ఆమెకు ప్రేమ ఉందా లేదా అన్న ప్రశ్నకు జవాబు ఆ క్షణంలో అందుకుంటాడు. దీన్ని నాటకీయంగా చదవకండి, మామూలు గొంతుతో చెప్పండి.

డెబ్భయ్యేళ్ల భాగాన్ని చాలామంది వదిలేస్తారు. నాకు అది అన్నిటికంటే విలువైనది. రాజ్యం బలహీనపడింది, నిధులు ఆగిపోయాయి, నడుము నొప్పితో కుంటుతూ ఆ ముసలాయన ఒక్కొక్క ధనికుని దగ్గరికి, ఒక్కొక్క అధికారి దగ్గరికి వెళ్లి తన ప్రాజెక్టు కోసం చెయ్యి చాస్తాడు. వీధిలో రౌడీలు పడి కొడతారు. యూగో ఆరోగ్యాన్ని లెక్కచేయక పనిచేసి ఆయన కంటే ముందే పోతాడు. రేచ్ శాంటాని గ్రహంలో జరిగిన తిరుగుబాటులో చనిపోతాడు, కోడలూ చిన్న మనవరాలూ ఎక్కిన నౌక ఏమైందో తెలియదు. మిగిలినది పెద్ద మనవరాలు వాండా. ఎదుటివాళ్ల మనసును తాకగల ఆమె శక్తే, మనశ్శక్తితో పథకాన్ని చాటుగా కాపాడే రెండో ఫౌండేషన్‌కు బీజం. ఒక గొప్ప పథకం వెనక ఎన్ని తిరస్కారాలు, ఎన్ని చావులు ఉన్నాయో ఈ భాగంలోనే ఉంది.

విచారణ ఘట్టాన్ని సంభాషణగా చెబితే బాగుంటుంది. ట్రాంటర్ నాశనమవుతుందని చెప్పడం రాజద్రోహమని ప్రజాభద్రతా సంఘం నేరం మోపుతుంది, లింజ్ చెన్ అధ్యక్షుడు. తీర్పుగా సెల్డన్ మనుషులు లక్షమందిని, ఎన్‌సైక్లోపీడియా తయారుచేసే పని మీద, గెలాక్సీ అంచులోని టెర్మినస్‌కు పంపేస్తారు. ఆ శిక్ష తాను కోరుకున్నదేననీ, దానికి ఏర్పాట్లు ఎప్పుడో చేశాననీ ఆయన తర్వాత గాల్‌కు చెబుతాడు. అక్కడికి వెళ్లే వరకు తాను బతకనని కూడా ఆయనకు తెలుసు.

మరణం గురించి నవల చెప్పినంతే చెప్పండి. తన బల్ల మీద వాలిపోయి కనిపించాడు. సమీకరణాలు నిండిన ప్రైమ్ రేడియంట్ అనే పరికరం వెలుగుతూ ఆయన చేతిలోనే ఉంది. ఆయన కోరిక ప్రకారం దాన్ని టెర్మినస్‌లోని గాల్ డోర్నిక్‌కు పంపారు. ఏళ్ల తరబడి ఎవరికీ కనబడని డెమెర్జెల్ అంతిమ సంస్మరణకు వచ్చాడు.

మరణం తర్వాతి జీవితం

ఆయన పోయిన 50 ఏళ్లకు కాలగది తెరుచుకున్నప్పుడు, ఎన్‌సైక్లోపీడియా పని అంతా ఒక మిష మాత్రమే అని ఆయన రూపం చెబుతుంది. ఆ పని కోసమే జీవితాలు ధారపోసినవాళ్లు ఎదుట కూర్చుని ఉంటారు. మరో 30 ఏళ్లకు మళ్లీ కనిపిస్తాడు. సుమారు 300 ఏళ్ల తర్వాత కనిపించినప్పుడు మాత్రం ఆయన మాట్లాడే సంక్షోభం అక్కడ లేదు. స్వతంత్ర వర్తకులతో అంతర్యుద్ధం గురించి ఆయన ప్రశాంతంగా చెబుతుంటాడు, బయట మ్యూల్ సైన్యాలు దిగుతుంటాయి. మనుషుల భావాలను మార్చగల ఆ ఒక్క వ్యక్తి పుట్టుకను ఏ సమీకరణమూ పట్టుకోలేదు. ఫౌండేషన్ శకం 498లో కనిపించినప్పుడు ఆయన మాట మళ్లీ పరిస్థితికి సరిగ్గా సరిపోతుంది. అంత సరిగ్గా సరిపోవడమే ఒకరికి అనుమానం కలిగిస్తుంది. అక్కడితో ఆపండి, ఆపైది సెల్డన్ జీవితం కాదు.

టీవీ సీరియల్‌ను కలపవద్దు

2021లో యాపిల్ టీవీ ప్లస్‌లో మొదలైన ఫౌండేషన్ సీరియల్ చూసిన యువకులు సభలో ఉంటారు. అందులో జారెడ్ హారిస్ పోషించిన సెల్డన్ జీవితం వేరు. అక్కడ గాల్ స్త్రీ, డెమెర్జెల్ స్త్రీ రూపంలో ఉన్న రోబోట్, సెల్డన్‌ను రేచ్ స్వయంగా కత్తితో పొడిచి చంపుతాడు, ఆ తర్వాత ఆయన చైతన్యపు నకలు కథ నడుపుతుంది. ఆ సీరియల్ మీకు నచ్చినా నచ్చకపోయినా చార్టులో అవి ఎక్కకూడదు. అడిగినవాళ్లకు చివర్లో చెప్పండి.

మాట్లాడే తీరు

మన జిల్లాల్లో తెలుగు ఇంట్లో మాట్లాడి, బడిలో ఒడియా, ఇంగ్లీషు చదివిన పిల్లలు ఎక్కువ. వాళ్లకు తెలుగు వినడంలో ఏ ఇబ్బందీ లేదు, చదవడమే మెల్లగా సాగుతుంది. అందుకని రాసుకొచ్చిన వ్యాసం చదివి వినిపించకుండా వాడుక భాషలో చెప్పండి. మాట్లాడే భాషలోనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మన పక్కనే ఉంది. చార్టులో గ్రహాల పేర్లు, మనుషుల పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ రాస్తే ఆ పిల్లలు ఇష్టంగా దగ్గరికి వచ్చి చూస్తారు.

ఎదురయ్యే ప్రశ్నలు

ఈ ఆలోచన రచయితకు ఎలా వచ్చిందని అడుగుతారు. 1941 ఆగస్టు 1న సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్‌ను కలవడానికి వెళ్తూ, కూలిపోతున్న గెలాక్టిక్ సామ్రాజ్యం కథ గురించి అసిమోవ్ ఆలోచించాడు. రోమ్ పతనం మీద ఎడ్వర్డ్ గిబ్బన్ రాసిన చరిత్ర దాని వెనక ఉంది. ఈ నవలా క్రమానికి 1966లో అన్ని కాలాలలోకీ ఉత్తమ సీరీస్‌గా హ్యూగో పురస్కారం వచ్చింది.

జనానికి చెప్పకుండా జనం భవిష్యత్తును దిద్దడం న్యాయమా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. దీనికి నవలలు జవాబు చెప్పవు, మీరూ తీర్పు చెప్పకండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఏ ఊరు ఎటు పోవాలో పైన కూర్చున్నవాళ్లు గీసిన గీత ఇటువైపు మన పెద్దలను ఉంచింది. పెద్ద లెక్కల్లో చిన్న కుటుంబాలు ఎక్కడుంటాయో వాళ్లు మాట్లాడగలరు, మాట్లాడనివ్వండి.

సెల్డన్ పథకం నెగ్గిందా అని అడిగితే ఉన్న ఆధారమే చూపించండి. రెండో సామ్రాజ్యం నిలబడిన దృశ్యం ఏ నవలలోనూ లేదు. కథ ఫౌండేషన్ శకంలో ఐదు వందల ఏళ్ల దగ్గరే ఆగిపోయింది. అయితే వెయ్యేళ్ల గడువు దాటి ఇరవై ఏళ్లకు, 1020లో, టెర్మినస్‌లో ఎన్‌సైక్లోపీడియా అచ్చవుతూనే ఉంది.

సభ ముగిశాక పుస్తకాలు ఎవరికైనా ఇచ్చేటట్లయితే 1951 నాటి ఫౌండేషన్ ముందు ఇవ్వండి. అది తిరిగి వచ్చాకే 1988 నాటి ప్రిల్యూడ్ ఇవ్వండి, చార్టు పక్కనే ఎవరు ఏది తీసుకున్నారో రాసి పెట్టుకోండి.